ఎక్మో మీద నుంచి అత్యవసరంగా గుండె మార్పిడి చేయించుకున్నవాళ్ళు ఎన్నేళ్ళు బతుకుతారు, ఎలా బతుకుతారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ అన్నయ్యకి 38 ఏళ్ళు. జ్వరంతో మొదలై పది రోజులు తిరక్కుండానే గుండె చేతులెత్తేసింది. వైరల్ మయోకార్డైటిస్ (వైరస్ వల్ల గుండె కండరానికి వచ్చే వాపు) అన్నారు, ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పనిని ఒంటి బయట నుంచి చేసే యంత్రం) పెట్టారు, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో అత్యవసర వరుసలో గుండె దొరికి మార్పిడి చేశారు. ఏడు వారాలైంది, ఇంటికొచ్చారు. ఇప్పుడు బంధువొకాయన ‘అర్జెంటుగా మార్చిన గుండె నాలుగైదేళ్ళకి మించి నిలవదు, పైగా మన దేశంలో ఇదింకా ప్రయోగమే’ అన్నారు. అన్నయ్య ఎన్నేళ్ళు బతుకుతాడు, మళ్ళీ మామూలుగా తిరుగుతాడా అని మీరు అడుగుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. అత్యవసరంగా చేసినందువల్ల అదనంగా ఉండే ప్రమాదంలో ఎక్కువ భాగం మొదటి కొన్ని నెలల్లోనే ఉంటుంది. మొదటి ఏడాది గట్టెక్కిన మనిషికి ఆ తర్వాతి ఆయుష్షు, తాపీగా వరుసలో వేచి ఉండి మార్పిడి చేయించుకున్న మనిషికి దాదాపు సమానమే. ఏడు వారాలు దాటి ఇల్లు చేరారంటే మీ అన్నయ్య ఈ దారిలో చాలా కష్టమైన మలుపు దాటినట్టే. ‘నాలుగైదేళ్ళు’ అన్న లెక్కకి ఆధారం లేదు.

నేను కార్డియాలజిస్టుని. గుండె మార్పిడి అయినవాళ్ళ ఫాలో అప్ చూడటమే చాలాకాలంగా నా ప్రధానమైన పని. కింద చెప్పే పేషెంట్ల వివరాలు గుర్తుపట్టకుండా కొద్దిగా మార్చాను.

ఇక లెక్కలు. గుండె, ఊపిరితిత్తుల మార్పిడులకి ఒక అంతర్జాతీయ రిజిస్ట్రీ ఉంది. అందులో ఎక్కువమంది అమెరికా, యూరప్ వాళ్ళే. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో మార్పిడి అయిన పెద్దవాళ్ళలో సగంమంది పన్నెండేళ్ళు దాటి బతికారు. మొదటి ఏడాది గడిచినవాళ్ళని మాత్రమే తీసుకుంటే సగంమంది పద్నాలుగేళ్ళు దాటారు. ‘సగంమంది’ అన్న మాటని జాగ్రత్తగా చదవండి. ఆ గీతకి అవతల ఇరవై, పాతికేళ్ళు బతికినవాళ్ళు కూడా ఉన్నారు. ఇంగ్లండ్‌లోని హేర్‌ఫీల్డ్ ఆసుపత్రిలో 1984లో టీనేజీలో గుండె మార్పిడి చేయించుకున్న డచ్చి వ్యక్తి బర్ట్ యాన్సెన్ ముప్ఫై తొమ్మిదేళ్ళు దాటి గిన్నిస్ రికార్డులోకెక్కాడు. ఆయనకి మందులు రాసిన కాలంలో, కొత్త గుండెని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఇమ్యూనిటీని అణచి ఉంచే సైక్లోస్పోరిన్ అప్పుడప్పుడే వచ్చింది. ఇప్పుడు అదే పనికి మన చేతిలో ఉన్న టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ అప్పటికి వాడుకలో లేవు.

‘ప్రయోగం’ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. మన దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. చేసింది మన రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్ గారు. హైదరాబాద్‌లో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే గారు 2004లో చేశారు, 2016లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనూ చేశారు. ఇప్పుడు దేశంలో ఏటా రెండొందలకి అటూ ఇటుగా జరుగుతున్నాయి. మన జనాభాకి ఇది చాలా తక్కువ, నిజమే. కానీ తక్కువ జరగడం వేరు, ప్రయోగం కావడం వేరు.

సరే, అత్యవసర మార్పిడి మొదట్లో ఎందుకు ప్రమాదం? అమెరికాలో 2018 అక్టోబరు నుంచి గుండె కోసం ఎదురుచూసేవాళ్ళని ఆరు మెట్లుగా విడదీస్తున్నారు. ఎక్మో మీద ఉన్నవాళ్ళది మొదటి మెట్టు. స్పెయిన్, ఫ్రాన్స్ లాంటి చోట్ల జరిగే మార్పిడుల్లో చాలా భాగం ఇలా అత్యవసర వరుసలో జరిగేవే. అంటే ఇది అరుదైన సాహసమేమీ కాదు. అయితే ఆ మెట్టు మీద ఉన్న మనిషి ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్ళేటప్పటికే శరీరం సగం ఓడిపోయి ఉంటుంది. కిడ్నీలు మందగించి ఉంటాయి, లివర్ ఉబ్బి ఉంటుంది, ఒంటి నిండా గొట్టాలు, ఆ గొట్టాల ద్వారా ఇన్ఫెక్షన్. ఎక్మో కోసం రక్తం పలుచన చేయాలి కాబట్టి బ్లీడింగ్. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో యాంటీబాడీలు పెరుగుతాయి, అవి కొత్త గుండెకి శత్రువులు. పైగా దాత నుంచి తీసిన గుండె మామూలు ఐస్ పెట్టెలో అయితే నాలుగు గంటల లోపు మళ్ళీ కొట్టుకోవాలి. హైదరాబాద్‌లో మెట్రో రైలు ఆపకుండా నడిపి గుండెని చేరవేసిన వార్తలు మీరు చూసే ఉంటారు, ఆ తొందరంతా దీనికే. ఇన్ని కలిసి మొదటి వారాల్లో మరణాలు ఎక్కువగా ఉంటాయి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి, డయాలిసిస్ అవసరమైనవాళ్ళకి, వయసు మీరినవాళ్ళకి ఇంకా ఎక్కువ.

మీ అన్నయ్యకి అనుకూలమైన విషయం కూడా ఒకటుంది. ఏళ్ళ తరబడి హార్ట్ ఫెయిల్యూర్‌తో మగ్గినవాళ్ళకి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి బాగా పెరిగిపోయి, కొత్త గుండె కుడి భాగం ఆ ఒత్తిడిని తట్టుకోలేక ఇబ్బంది పడుతుంది. హఠాత్తుగా జబ్బు చేసినవాళ్ళకి ఆ బాధ చాలావరకు ఉండదు.

ఏడాది తర్వాత ఆయుష్షుని తేల్చేవి వేరే. కొత్త గుండె రక్తనాళాలు, కిడ్నీలు, ఇన్ఫెక్షన్లు, క్యాన్సర్లు, వీటన్నిటికంటే ముందు మాత్రలు వేసుకోవడంలో క్రమం. అత్యవసరంగా చేశారా, తాపీగా చేశారా అన్నది అప్పటికి పాత కథ.

రిజెక్షన్ గురించి, అంటే ఒళ్ళు కొత్త గుండెని పరాయిదిగా చూసి దాడి చేయడం గురించి, అందరూ భయపడతారు. మొదటి నెలల్లో బయాప్సీ పదే పదే చేసేది దీని కోసమే. మెడ దగ్గరి సిర నుంచి సన్నటి తీగ పంపి గుండె లోపలి గోడ నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలు కొన్ని తీస్తారు. రిపోర్టులో 1ఆర్ (తేలికపాటి రిజెక్షన్) అని రాసి ఉంటే కంగారు పడకండి, చాలాసార్లు దానికి చికిత్సే అక్కర్లేదు. 2ఆర్, 3ఆర్ అయితే స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో మొదలుపెడతాం, ఎక్కువసార్లు లొంగుతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది నెమ్మదిగా వచ్చే జబ్బు. కొత్త గుండె రక్తనాళాలు లోపలి నుంచి మందమవుతూ పోతాయి. ఐదేళ్ళకి మూడింట ఒక వంతు మందిలో, పదేళ్ళకి దాదాపు సగంమందిలో యాంజియోగ్రామ్‌లో కనబడుతుంది. ఇందులో మాయ ఏమిటంటే ఛాతీ నొప్పి రాదు. గుండె తీసి పెట్టేటప్పుడు దాని నరాలు తెగిపోతాయి కాబట్టి నొప్పి చెప్పే దారి లేదు. ‘నాకేం నొప్పి లేదండీ, ఈ ఏడు యాంజియో వాయిదా వేద్దాం’ అనే మాట క్లినిక్‌లో తరచూ వింటాను. ఒప్పుకోను. కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్నా సరే స్టాటిన్ మాత్ర జీవితాంతం వేసుకోమనేదీ ఇందుకే.

టాక్రోలిమస్ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇంట్లో రోజూ దీనితోనే కాపురం. పన్నెండు గంటలకోసారి, ఉదయం ఎనిమిది అయితే రాత్రి ఎనిమిది. రక్తంలో ఈ మందు ఎంత ఉందో చూసే లెవెల్ పరీక్షకి రక్తం ఇచ్చేది ఉదయం మాత్ర వేసుకోక ముందే. మా దగ్గరికి పద్ధతిగా వచ్చే పేషెంట్లని చూస్తే చొక్కా జేబులో ఆ పూట మాత్రల కట్ట, చిన్న నీళ్ళ సీసా ఉంటాయి. చేతికి దూది నొక్కుకుని బయటికొచ్చి బల్ల మీద కూర్చుని అప్పుడు వేసుకుంటారు. ఇంట్లో వేసుకుని వచ్చి రక్తమిస్తే లెవెల్ తప్పుడుగా ఎక్కువ కనబడుతుంది, అది నమ్మి డోసు తగ్గిస్తే రిజెక్షన్‌కి తలుపు తీసినట్టే. మొదటి నెలల్లో సాధారణంగా 10 నుంచి 15 మధ్య, ఏడాది తర్వాత 5 నుంచి 10 మధ్య ఉంచుతాం. మీ డాక్టరు వేరే అంకె చెబితే అదే పాటించండి, కిడ్నీల పరిస్థితిని బట్టి మారుతుంది.

ఈ మందుతో పొత్తు కుదరనివి చాలా ఉన్నాయి. క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్ లెవెల్‌ని ఒక్కసారిగా పెంచేస్తాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్ పాతాళానికి దించేస్తాయి. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి ఇది పుస్తకంలో మాట కాదు, నిజంగా ఎదురయ్యేదే. ఒంటి నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వేసుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయి. పంపర పనసపండు వద్దు, అదీ లెవెల్ పెంచుతుంది. ‘ఇమ్యూనిటీకి మంచిది’ అని ఎవరైనా తిప్పతీగ కషాయం తెచ్చిస్తే దండం పెట్టి పక్కన పెట్టండి. మేం కష్టపడి అణచి ఉంచుతున్నదే ఆ ఇమ్యూనిటీని. నాలుగు రోజులు విరేచనాలైనా లెవెల్ మారిపోతుంది, ఫోన్ చేసి చెప్పాలి. మెడికల్ షాపువాడు ‘అదే మందు, వేరే కంపెనీ’ అని ఇస్తే తీసుకోవద్దు, మార్చాల్సి వస్తే మీ డాక్టరుకి చెప్పి మార్చి, మళ్ళీ లెవెల్ చూపించుకోవాలి.

ఇక మీ రెండో ప్రశ్న, మామూలుగా తిరుగుతాడా అన్నది. నాకు ముఖ్యంగా అనిపించేది ఇదే.

మార్పిడి తర్వాత ఏళ్ళు గడిచినవాళ్ళలో అత్యధికులకి రోజువారీ పనుల్లో ఆయాసం ఉండదు. ఉద్యోగాలు చేస్తారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు, పిల్లల్ని పెంచుతారు. 1978 నుంచి అవయవ మార్పిడి అయినవాళ్ళకోసమే ప్రపంచ క్రీడా పోటీలు జరుగుతున్నాయి, గుండె మారినవాళ్ళూ అందులో పరిగెత్తుతారు. అయితే శరీరం పాతదానిలా స్పందించదు. నరాలు లేని గుండె విశ్రాంతిలో కూడా నిమిషానికి 90 నుంచి 110 సార్లు కొట్టుకుంటుంది, అది జబ్బు కాదు. మెట్లెక్కడం మొదలుపెట్టగానే మీ గుండె, నా గుండె వెంటనే వేగం అందుకుంటాయి. మీ అన్నయ్య గుండె రక్తంలో అడ్రినలిన్ చేరేదాకా ఆగి, నిమిషాల తర్వాత అందుకుంటుంది, ఆపాక కూడా అంతే ఆలస్యంగా తగ్గుతుంది. అందుకే మొదటి అంతస్తులో రొప్పి, కాస్త నడిచాక సులువుగా ఉందంటారు. నడకైనా, వ్యాయామమైనా పది నిమిషాలు మెల్లగా మొదలుపెట్టాలి, మెల్లగా ఆపాలి. కొన్నేళ్ళకి కొందరిలో నరాలు కొంతవరకు తిరిగి మొలుస్తాయి.

ఎక్మో, వెంటిలేటర్ మీద గడిపినవాళ్ళకి మొదటి ఏడాది అసలు అడ్డంకి గుండె కాదు, కండలు. తొడలు కరిగిపోతాయి. ఎకోలో గుండె బ్రహ్మాండంగా ఉంటుంది, మనిషి కింద కూర్చుంటే లేవలేడు. ఇంట్లోవాళ్ళేమో గుండె ఆపరేషన్ అయిందని మంచినీళ్ళు కూడా మంచం దగ్గరికే తెచ్చిస్తారు. దయచేసి అలా చేయకండి. ఛాతీ ఎముక అతుక్కునేదాకా, అంటే సుమారు మూడు నెలలు, బరువులెత్తొద్దు, చేతుల మీద భారం వేసి లేవొద్దు. అంతేగాని రోజూ నడవాలి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదేసి సార్లు చేయాలి, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో క్రమంగా పెంచాలి. స్టెరాయిడ్లు కూడా కండని తినేస్తాయి కాబట్టి పప్పు, గుడ్డు, చేప తగినంత ఉండాలి. ఈ మందులతో షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ, మన పళ్ళెంలో అన్నం కొండని తగ్గించాల్సిందే.

ఇప్పుడు మనసు. అత్యవసర మార్పిడికి, మామూలు మార్పిడికి దీర్ఘకాలంలో నేను చూసిన అసలు తేడా ఇక్కడుంది.

ఐదారేళ్ళు గుండె జబ్బుతో బాధపడి, నాలుగు తలగడలు పెట్టుకుని కూర్చుని నిద్రపోయిన మనిషికి మార్పిడి అయితే, పడుకుని నిద్రపోగలగడమే పండగ. ఆయన పోల్చుకునేది ఆ తలగడల రోజులతో. మీ అన్నయ్య లాంటివాళ్ళు నెల కిందట బండి నడుపుకుంటూ ఆఫీసుకెళ్ళారు. జ్వరమొచ్చింది, కళ్ళు తెరిచేసరికి వేరే మనిషి గుండె, గుప్పెడు మాత్రలు, అప్పులు. సంతకం పెట్టింది కూడా ఆయన కాదు, ఇంట్లోవాళ్ళు. ఆయన పోల్చుకునేది పూర్తి ఆరోగ్యంతో. అందరూ ‘దేవుడు దయ చూశాడు, పునర్జన్మ’ అంటుంటే ఆయనకి లోపల సంతోషం కనబడదు, కనబడలేదని మళ్ళీ అపరాధ భావం.

గోదావరి జిల్లా నుంచి ఒక స్కూలు మాస్టారు ఇలాగే ఎక్మో మీద నుంచి మార్పిడికి వెళ్ళారు. ఐదో నెలలో రిపోర్టులన్నీ చక్కగా ఉన్నాయి, ఆయన మాత్రం తల ఎత్తి మాట్లాడటం లేదు. రాత్రిళ్ళు ఐసీయూ మానిటర్ల మోత వినబడుతోందని, నిద్రపోతే మళ్ళీ అక్కడే లేస్తానేమోనని భయమని భార్యకి చెప్పారట, మాకు చెప్పలేదు. సైకియాట్రిస్టుకి చూపించాం, గుండె మందులతో పడే మాత్ర చిన్న డోసులో మొదలైంది, కౌన్సెలింగ్ నడిచింది. ఐసీయూలో ఏ రోజు ఏం జరిగిందో ఆయన భార్య తేదీలవారీగా నోట్‌బుక్‌లో రాసి ఆయనకి చదివి వినిపించారు. తనకి గుర్తులేని ఆ రోజులు అలా తెలియడం ఆయనకి చాలా ఉపకరించింది. మరుసటి విద్యా సంవత్సరం బడికి వెళ్ళారు. ఇప్పుడు హెడ్‌మాస్టరు.

దిగులు వచ్చినవాళ్ళు మాత్రలు మానేస్తారు, ఇదే నా అసలు భయం. రెండో ఏడాదో మూడో ఏడాదో, ఒంట్లో బాగుందన్న ధీమాతో మానేసేవాళ్ళూ ఉన్నారు. ఒక కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నైట్ షిఫ్టుల్లో రాత్రి మాత్ర తరచూ తప్పించాడు. కాళ్ళ వాపుతో వచ్చేసరికి రిజెక్షన్ ముదిరిపోయింది. బతికాడు, కానీ ఆ గుండె మునుపటి సత్తువకి రాలేదు. కాబట్టి మీ అన్నయ్య నవ్వడం లేదంటే, నిద్ర పట్టడం లేదంటే, దాన్ని క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) పెరిగినంత సీరియస్‌గా తీసుకుని డాక్టరుకి చెప్పండి.

ఇన్ఫెక్షన్ల విషయంలో మొదటి ఆరు నెలలు గట్టిగా ఉండాలి. కాచిన నీళ్ళు, ఇంటి వంట వేడిగా, బయట కోసి అమ్మే పండ్లు, పానీపూరీ వద్దు. జనం మధ్యకి వెళ్తే మాస్కు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పావురాలుంటే ముందు వాటి సంగతి చూడండి. ఆ రెట్టలతో వచ్చే ఫంగస్ వీళ్ళకి ప్రాణం మీదకి తెస్తుంది, ఆ శుభ్రం చేసే పని మాత్రం అన్నయ్యకి అప్పజెప్పకండి. కుండీల మట్టి కూడా అంతే. ఇంట్లోవాళ్ళందరూ ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలి, ఆయనకి మాత్రం బతికున్న వైరస్‌తో చేసే టీకాలు వేయకూడదు. 100.4 డిగ్రీల జ్వరం కనబడితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, ఆ రాత్రే ఫోన్ చేయాలి.

డబ్బు సంగతి చాలామంది అడగడానికి మొహమాటపడతారు. ఆపరేషన్ ఖర్చు ఒకసారే, మందులు, పరీక్షలు నెలనెలా వేలల్లో, జీవితాంతం. కుటుంబం మూడో నాలుగో ఏడాదికి అలసిపోయి డోసులు పొదుపు చేయడం చూశాను. ఆ పరిస్థితి రాకముందే ఆసుపత్రి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌తో, ఆరోగ్యమిత్రతో కూర్చుని మందులకి ఏ పథకం వర్తిస్తుందో, ముఖ్యమంత్రి సహాయ నిధికి ఏ కాగితాలు కావాలో ఇప్పుడే కనుక్కోండి. ఉద్యోగానికి వెళ్ళడం ఇందుకోసం కూడా అవసరమే. కూర్చుని చేసే పనైతే నాలుగు నుంచి ఆరు నెలల్లో చాలామంది మొదలుపెడతారు. పొలం పని, సిమెంటు పని చేసేవాళ్ళు వేరే పని చూసుకోక తప్పదు.

వచ్చేసారి క్లినిక్‌కి వెళ్ళినప్పుడు ఈ విషయాలు అడిగి రాసుకోండి: ఇప్పటిదాకా బయాప్సీలు ఏ గ్రేడు వచ్చాయి, డిశ్చార్జ్ నుంచి క్రియాటినిన్ పెరుగుతోందా తగ్గుతోందా, టాక్రోలిమస్ లెవెల్ ఎంతలో ఉంచాలనుకుంటున్నారు, దాతకి వ్యతిరేకమైన యాంటీబాడీలు చూశారా. ఈ నాలుగూ తెలిస్తే ‘ఎన్నేళ్ళు’ అన్న ప్రశ్నకి మీ డాక్టరు నాకంటే దగ్గరి జవాబు చెప్పగలరు. మందుల జాబితా, డోసులతో సహా, అన్నయ్య పర్సులో ఒక కార్డు మీద పెట్టండి. అందులో ‘గుండె మార్పిడి జరిగింది, అట్రోపిన్ పనిచేయదు’ అని కూడా రాయించండి. ఊళ్ళో ఎక్కడైనా నాడి పడిపోయి దగ్గర్లోని క్యాజువాలిటీకి తీసుకెళ్తే, అక్కడి డాక్టరు మొదట తీసే ఇంజెక్షన్ అదే అవుతుంది.